కడిగిన తెడ్డు

వైద్యాచార్యుడు శివదేవయ్య ప్రశ్నకు వెంటనే బదులు పలికేవాడు కాదు. అడిగినవాని చేతికి ఏదో ఒక పని అప్పగించేవాడు. గురుకులంలో అగ్రగణ్యుడైన వామనభట్టు ఆ సంగతి తెలిసియే ఒకనాటి ఉదయం గురుసన్నిధిని చేతులు కట్టుకొని నిలిచాడు.

"గురుదేవా! సుర వడగట్టాక కుండ అడుగున మిగిలిన మడ్డిని తోటి శిష్యుడు కేతన్న దొంగిలించి సొరబుర్రలో దాచుకొన్నాడు. తాగుతున్నాడు. నా కళ్లారా చూశాను. అంతటి మలినుడున్న చోట విద్య నిలుస్తుందా? అతణ్ణి పంపివేయరాదా?"

"పంపవలసివస్తే పంపుదాం. ఈ మారు సుర నీవు చెయ్యి, నాయనా."

వామనభట్టు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. రోగం తీరినా బలం చిక్కనివారికి ఆచార్యుడు యవలతో పులియబెట్టి ఇచ్చే ఔషధమది; నేడు మనం బీరంటున్నదానికి ముత్తవ్వ వంటిది. ఔషధమే కావచ్చు, అగ్నిహోత్రుల ఇంట పుట్టినవాడు సురకుండ కలపడమా! అయినా గురువాక్యం. యవలు నానబోసి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, జావ కాచి చల్లార్చాడు. శాస్త్రం చెప్పిన ఒక్క అంగమూ విడవలేదు. ఇక కలియబెట్టడమే తరువాయి అనగా, గురుపత్ని అచ్చమ్మ అటకమీది పాత తెడ్డు దించి చేతికిచ్చింది.

"దీనితోనే కలుపు నాయనా. మా అత్తగారి నాటిది."

చూడగానే అతనికి ఒళ్లు జలదరించింది. ఏనాటి పులుపో పగుళ్లలో నల్లగా పేరుకొని కంపు కొడుతోంది. ఆమె అటు వెళ్లగానే బూడిదతో తోమాడు, చింతపండుతో రుద్దాడు, సలసల కాగే నీటిలో ఉడికించి ఎండబెట్టాడు. శంఖంలా తెల్లబడ్డ తెడ్డుతో జావ కలిపి, కుండ మూతికి గుడ్డతో వాసెన గట్టాడు.

రోజులు గడిచినా నురగ రాలేదు. కుండ గుసగుసలాడలేదు. అందరి ఎదుటా వాసెన విప్పితే పచ్చని బూజు, దాని కింద దుర్గంధం!

"భట్టుగారూ, ఇది మాత్రం నేనూ తాగను" అన్నాడు కేతన్న ముక్కు మూసుకొని.

ఎవరూ నవ్వలేదు. అచ్చమ్మ కంట తెడ్డు పడింది.

"అయ్యో! ఎంత పని చేశావు నాయనా! కుండకు ప్రాణం పోసేది ఆ మకిలే కదా! కడిగేశావా?"

ఆచార్యుడు తెడ్డును ముక్కుకు ఆనించుకొన్నాడు. ఏ వాసనా లేదు. "మా అమ్మ చేయి ఉండేది ఇందులో" అన్నాడు మెల్లగా.

కేతన్న తన పాకలోకి వెళ్లి, సొరబుర్రతో తిరిగివచ్చాడు. తల ఎత్తలేదు.

"ఆ తెడ్డుతో కలిపిన పాత సుర మడ్డే, గురుదేవా. రుచి మరిగి తాగిన మాట నిజం. అయిపోతుందేమోనని తరిగినప్పుడల్లా కాస్త జావ పోస్తూ వచ్చాను."

బిరడా తీయగానే బుర్ర బుస్సుమంది. తెల్లని నురగ అతని వేళ్లమీదుగా పొంగి నేలకు జారింది. వామనభట్టు ఆ నురగనే చూస్తూ కొయ్యబారిపోయాడు.

ఆచార్యుడు బుర్రను రెండు చేతులా అందుకొని కళ్లకద్దుకొన్నాడు.

"భట్టూ, మళ్లీ జావ కాచు. ఇతణ్ణి ఎప్పుడు పంపమంటావో, అది పొంగాక చెబుదువుగాని."