మింగమని వచ్చిన మాయలాడి

కొట్టంలో కర్రి ఎద్దు ఖల్లుఖల్లుమని దగ్గుతోంది. ఎదురుగా చుక్క గేదె, దాని పొట్టకి ఆనుకుని పాలు మరవని పెయ్య.

"మొహం అటు తిప్పుకుని దగ్గు బావా! పసిది ఉందిక్కడ," అంది గేదె.

"దగ్గే కదా, పామేం కాదుగా! నాగలి లాగేవాణ్ణి, నాకే నేర్పుతావా?" అని ఎద్దు మళ్లీ పెయ్య మొహం మీదే దగ్గింది. ఇంత వయసొచ్చి ఏం లాభం, సిగ్గు లేనప్పుడు!

ఆ తుంపర్లలో ఒక సూక్ష్మజీవి ఉంది. కంటికి ఆనదు గానీ జిత్తుల్లో నక్కకి అక్క. పెయ్య ఊపిరి పీల్చగానే ముక్కులోంచి జారి, ఊపిరితిత్తుల చివరనుండే బుల్లి గాలిగదిలో పడింది. అక్కడ కావలి కణం తిరుగుతోంది. కొత్తది ఏది కనబడ్డా గుటుక్కున మింగి, కడుపులో ఆమ్లం పోసి కరిగించడం దాని వంశాచారం.

"ఎవరే నువ్వు?"

"దిక్కులేనిదాన్ని మావయ్యా. నీ చేతిలో పోదామనే వచ్చాను. మింగెయ్."

కావలి కణం పొంగిపోయి మింగేసింది. లోపలికెళ్లిన మాయలాడి ఆమ్లం వచ్చే దారి మూసేసి, కాళ్లు చాపుకుని, దాని తిండే తింటూ పిల్లల్ని పెట్టసాగింది.

"ఏమే, ఇంకా కరగలేదా?"

"కరగడానికొచ్చానా? నా పిల్లలు ఎదగ్గానే నిన్ను పగలగొట్టుకుని పక్క గదులకి పోతాం. ఆ తర్వాత పెయ్యకి ఊపిరాడదు. నువ్వు ఏడుస్తూ కూర్చో!"

కావలి కణానికి ఒళ్లు మండిపోయింది. "నా కడుపులో కూర్చుని, నా తిండి తిని, నా పెయ్యనే చంపుతావా? నువ్వు పగలగొట్టేదేంటే, నేనే కూలిపోతా!"

"అయ్యో మావయ్యా, చచ్చిపోతావు!"

"చస్తాను. నీ పిల్లలు ఎదగకముందే నిన్ను వీధిలో నిలబెట్టి మరీ చస్తాను!"

అంటూనే పెద్ద కేక పెట్టి తనని తాను కూల్చేసుకుంది. కేక విని తోటి కావలి కణాలు పరుగున వచ్చాయి. దాక్కునే ఇల్లు పోయి, ఎదగని పిల్లలతో మాయలాడి నడివీధిలో దొరికిపోయింది. "నేను దిక్కులేనిదాన్ని..." అని మొదలెట్టింది గానీ, ఈసారి వచ్చినవి ముందే ఆమ్లం సిద్ధం చేసుకుని వచ్చాయి. ఒక్కదాన్నీ మిగల్చలేదు.

పెయ్యకి జ్వరం వచ్చి తగ్గింది. గేదె కోపం మాత్రం తగ్గలేదు. కొమ్ములు విదిలించి ఎద్దుని కొట్టం బయటికి తరిమింది. "నా బిడ్డకి ఊపిరి ఆగిపోతే నీ నాగలి ఇస్తుందా తిరిగి? దగ్గు తగ్గేదాకా ఇటు రాకు!"

నీతి: నీ చేతిలో చావడానికే వచ్చానని బతిమాలే శత్రువుని అసలు నమ్మకు.