పొలుసు గుర్తు, జంబుకముడి

నల్లకొండ వాలులో ఒక గుహ ఉంది. దాని ముందు ఎవరూ ఎవరినీ తినకూడదన్నది ఆ కొండ కట్టుబాటు. ఎందుకంటే లోపల ఉన్నవి మందు పొట్లాలు. ఏ జబ్బుకు ఏ ఆకు పనిచేస్తుందో కనిపెట్టినవాళ్లు దాన్ని ఎండబెట్టి, మోదుగాకులో పొట్లం కట్టి, పైన తమ గుర్తొకటి గుచ్చి అక్కడ అప్పగించేవారు. ముళ్లపంది ఒక ముల్లు, పాలపిట్ట ఒక నీలిరంగు ఈక, చెదలు తిని బతికే అలుగు తన ఒంటి పొలుసు. గుర్తును బట్టి వాళ్లింటికెళ్లి అడిగితే వాడే తీరు చెప్పేవారు. పిల్లలకు జబ్బు చేస్తే అడవంతా తిరిగి, చేదో విషమో ముందు తమ నాలుక మీద వేసుకుని చూసేది తల్లులే కనుక, ఆ పొట్లాల్లో చాలావరకు ఆడవాళ్లవే. కాపలా మాత్రం జంబుకయ్య అనే నక్కది. ఆయన జన్మలో ఒక్క ఆకు నమిలి ఎరగడు.

కాపలాకు కుదిరిన కొత్తలోనే ఆ ముళ్లూ ఈకలూ చూసి ఆయనకు చిరాకేసింది. గుహకు ఒక హుందాతనం ఉండొద్దా అన్నాడు. గుర్తులన్నీ పీకేసి, మెత్తటి ఈకలు తన పడకలో వేసుకుని, పొట్లాలన్నిటికీ ఒకే రకం తీగ చుట్టి ఒకే రకం ముడి వేశాడు. దానికి జంబుకముడి అని పేరు పెట్టుకున్నాడు. ఇన్ని పేర్లెందుకు, ఎవరో ఒకరి పేరుంటే చాలు కదా అనేవాడు. ఆ ఒకరు ఎవరో అడగాల్సిన పని ఎవరికీ రాలేదు.

అలాంటి గుహ దగ్గరికి కుందేలు చెంగమ్మ తన చివరి పిల్లను మోసుకుని వచ్చింది. పిల్లకు కళ్లకలక. రెప్పలు వాచి, పుసులు కట్టి అతుక్కుపోయాయి. చూపు లేని కుందేలంటే గద్దకు ఎండలో పెట్టిన వడియం. ఆ సంగతి చెంగమ్మకు తెలుసు, అందుకే దారంతా ఆకాశంకేసి చూస్తూనే వచ్చింది.

"కళ్లకలకకు ఏదైనా ఉంటే ఇప్పించండి జంబుకయ్యగారూ" అంది.

"ఏదైనా అంటే కుదరదమ్మా. ఏ పొట్లమో చెప్పు, తెస్తాను."

"లోపల ఏమున్నాయో చెబితేనే కదండీ, ఏది కావాలో నేను చెప్పగలిగేది."

"ఏమున్నాయో బయట చెప్పేస్తే రేపు నన్నెవరు అడుగుతారు?"

చెంగమ్మ ఓపిక పట్టింది. మందు లోపలే ఉంచుకోమంది. ఫలానా జబ్బుకు, ఫలానావారు కనిపెట్టింది, ఫలానా మూలన ఉంది అన్న మాట మాత్రం బయట పెట్టమంది. ఆ మాట ఎత్తుకెళ్లి ఎవరేం వండుకు తింటారని అడిగింది.

జంబుకయ్య నవ్వాడు. "మీ ఆడవాళ్ల చెవిన మాట పడితే కొండంతా పాకుతుంది."

పాకాలనే కదా నేననేది అనుకుంది చెంగమ్మ. పిల్లను ఆయన ముందుకు జరిపింది. అవసరం తనది.

ఆయన పెద్దమనిషిలా వంగి, పిల్ల రెప్పలు వేళ్లతో ఎత్తి చూసి, అదే వేళ్లతో తన కన్ను నలుపుకుని, ఈ జబ్బుకు మందే లేదని తేల్చేశాడు. అబద్ధమాడలేదు. ఉందో లేదో ఆయనకూ తెలియదు. లేదన్న మాట నమ్మి చెంగమ్మ ఏడుస్తూ ఇల్లు చేరింది.

మర్నాటికి జంబుకయ్య కళ్లు వాచాయి. తడుముకుంటూ గుహలోకి వెళ్లి చేతికందిన పొట్లం విప్పి కళ్లకు పట్టించుకున్నాడు. అది ముళ్లపంది అజీర్తికి దంచిపెట్టిన అడవి మిరియాల పొడి. ఆ కేక కొండ అవతలికి వినబడింది.

పరుగున వచ్చిన చెంగమ్మను చూడలేకపోయినా గొంతు గుర్తుపట్టి, ఏదో ఒక మందు వెతికిపెట్టమని బతిమాలాడు.

"ఏ పొట్లమో చెప్పండి, తెస్తాను" అంది చెంగమ్మ.

అయినా ఆ వేడుకను ఆమె పొడిగించలేదు, ఇంట్లో పిల్ల ఉంది. పొట్లాలన్నీ బయట బండ మీద పరుస్తాననీ, ఎవరిది వారు పోల్చుకుని గుర్తు మళ్లీ పెట్టుకుంటారనీ, ఆ గుర్తులిక తీయడానికి వీల్లేదనీ చెప్పింది. కళ్ల మంటకు ఓర్చుకోలేని జంబుకయ్య దేనికైనా సరేనన్నాడు.

గోరింక మాణిక్యం ఊరూరా కేకేసి వచ్చింది. తల్లులంతా బండ దగ్గర చేరారు. ఆకు మడతను బట్టి ఒకరు, వాసనను బట్టి ఒకరు తమది పోల్చుకున్నారు. చివరికి ఒక్క పొట్లం మిగిలింది, అది నాదని ఎవరూ రాలేదు. మాణిక్యం మళ్లీ ఎగిరి, రానివారెవరో వెతికి, వాగవతల పుట్టల్లో ఉండే ముసలి అలుగును వెంటబెట్టుకు వచ్చింది.

అలుగు అవ్వ పొట్లం విప్పి వాసన చూసింది.

"నా మనవరాలికి కళ్లు అతుక్కుపోయినప్పుడు కనిపెట్టానే ఇది. నీళ్లలో నానేసి రెప్పల మీద పిండాలి. ఇక్కడ ఇచ్చాక ఎవరూ వచ్చి అడగలేదు. ఎవరికీ పనికిరాలేదేమో అనుకున్నా."

చెంగమ్మ ఇంటికెళ్లి అలాగే పిండింది. సాయంత్రానికి పిల్ల ఒక కన్ను తెరిచి, అమ్మ మీసాలు చూసి నవ్వింది. మిగిలిన మందు నక్కకూ అందింది. ఏ పొట్లమో చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

చూపు రాగానే జంబుకయ్య తీగ పట్టుకుని లేచాడు. అప్పటికే ఏ గుర్తు ఏ జబ్బుకో, ఏ మూలనుందో గోరింకలన్నీ వల్లె వేసేశాయి. మూడు కొండల్లోనూ ఆ పాటే. ముడి వేయడానికి పొట్లాలున్నాయి గానీ, గోరింకల నోళ్లకు సరిపడే తీగ ఆయన దగ్గర లేదు. గుహకు ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఆ ఏర్పాటంతా తన ఆలోచనేనని ఆయన వాళ్లకు చెబుతుంటాడు. విని, గుర్తు చూసుకుని, ముందుకు పోతుంటారు.

చెంగమ్మ మాత్రం పిల్లను తీసుకుని వాగు దాటి, ముసలి కాళ్లకు శ్రమ లేకుండా దగ్గర్లో ఒక కొత్త చెదపుట్ట వెతికి అవ్వకు చూపించింది. పిల్ల ఆ పొలుసులను ఒక్కొక్కటే తడిమి చూసి, ఒకచోట ఆగి, "అవ్వా, ఇక్కడొకటి లేదేం" అంది.

"అది నీ కళ్లకిచ్చానే తల్లీ" అంది అలుగు అవ్వ.

నీతి: కనిపెట్టినవారి గుర్తు చెరిపేస్తే మందుకు దారీ దొరకదు, మేలుకు దండం పెట్టే గుమ్మమూ దొరకదు.