నలభై ఒకటో నంబరు

"మేష్టారూ, కొత్త సంవత్సరం మంచి మనసుతో మొదలుపెట్టమని అందరూ చెబుతున్నారండి. ఆ మనసే నాకు లేదు. ఏటి చెయ్యమంటారు?"

అడిగిన పిల్ల పేరు పైడితల్లి, డిగ్రీ రెండో ఏడు. ఆమె అడిగింది లెక్కలు చెప్పే తవిటినాయుడు మేష్టారిని. వేసవి సెలవులయ్యాక కాలేజీ తెరిచిన మొదటి రోజు పొద్దున్న అది, గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉంది. ఆమె సంచిలో టీసీ కోసం రాసుకున్న అర్జీ ఉంది. మేష్టారి జవాబు మనసుకి ఎక్కకపోతే ఆ కాగితం ఆఫీసులో ఇచ్చేసి, పదిన్నర బస్సుకి ఊరెళ్ళిపోయి, చదువుకి దణ్ణం పెట్టేద్దామని నిశ్చయించుకునే వచ్చింది.

కిందటేడు మొదటి రోజున ఒక లెక్చరరు ఆమెను లేపి ఇంగ్లీషులో ఏదో అడిగారు. ఆమె తడబడింది, క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు అక్కడితో అయిపోయిందని నవ్వినవాళ్ళనుకున్నారు. ఆమె మాత్రం మర్నాటి నుంచి చివరి బెంచీ మూలకి చేరి, హాజరు వేసినప్పుడు "ప్రజెంట్ సార్" అనడం తప్ప ఏడాది పొడుగునా నోరు విప్పలేదు. మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లోవాళ్ళూ, హాస్టలు వార్డెనూ, ఆఖరికి బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషీ పాజిటివ్‌గా ఉండాలమ్మా అన్న సలహాని శనగలు పంచినట్టు పంచిపెట్టారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

తవిటినాయుడు మేష్టారు కుర్చీలోంచి లేచారు. బీరువాలోంచి పాతదీ కొత్తదీ రెండు హాజరు రిజిస్టర్లు తీసుకుని "రామ్మా" అని ముందు నడిచారు.

ఆ కాలేజీలో పిల్లలు మూడేళ్ళూ ఒకే గదిలో, ఒకే నంబరుతో చదువుతారు. రెండు నెలలుగా తాళం వేసి ఉన్న ఆ గది తలుపు తియ్యగానే గబ్బిలాల వాసన కొట్టింది. బయట ముసురు పట్టి ఉండడంతో లోపల సగం చీకటి. బెంచీల మీద దుమ్ము మందంగా పేరుకుంది. చివరి బెంచీ మూల మాత్రం ఒక మనిషి కూర్చునేంత మేర దుమ్ము లేదు. అది పైడితల్లి ఏడాదంతా కూర్చున్న చోటు. గబగబా వెళ్ళి మొదటి బెంచీలో కూర్చుంది.

మేష్టారు బల్ల దగ్గర నిలబడి పాత రిజిస్టరు తెరిచారు. ఖాళీ గదిలో ఒకటో నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టారు. ఒక్కో నంబరుకీ కాస్త ఆగుతున్నారు. ఎవరూ పలకడం లేదు. ముప్ఫై దాటింది, నలభై అయింది.

"నలభై ఒకటి."

అది ఆమె నంబరే. అలవాటు కొద్దీ పలకడానికి నోరు తెరిచింది. వెనక మూల నుంచి ఎవరో గుటక మింగిన చప్పుడైంది. ఆ తర్వాత సన్నగా, సగం లోపలే ఉండిపోయిన గొంతు "ప్రజెంట్ సార్" అంది. ఆ గొంతు తనదే.

ఆమె మెడ తిప్పి చూస్తే బెంచీ ఖాళీగానే ఉంది.

"ఎవరండీ అది?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"కిందటేడు పిల్ల. సంవత్సరం అయిపోయిందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు" అన్నారు మేష్టారు. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అని, పాత రిజిస్టరు మూసి కొత్తది తెరిచారు. కలం మూత తీశారు. ఈసారి మిగతా నంబర్ల జోలికి పోలేదు.

"నలభై ఒకటి."

వెనక మళ్ళీ గుటక మింగిన చప్పుడు. ఆ గుటకకి ఎంతసేపు పడుతుందో లోకంలో పైడితల్లి ఒక్కదానికే తెలుసు. ఏడాది పాటు రోజూ మింగింది తనే. కలం కాగితం మీదకి వంగుతోంది. భయం కన్నా ముందు ఆమెకి కోపం వచ్చింది, ఈ ఏడు కూడా ఆ మూలకేనా అని. బెంచీ పట్టుకుని లేచి నిలబడింది.

"ప్రజెంట్ సార్" అంది. గొంతు బొంగురుపోయింది, అయినా గది దాటి వరండాలోకి వినబడింది. వెనక మొదలైన మాట సగంలో ఆగిపోయింది.

మేష్టారు హాజరు వేశారు. బయట పిల్లల చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. ఆమె వెనక్కి చూడకుండానే అడిగింది.

"రేపు రాదు కదండీ, ఆ పిల్ల?"

"ఎందుకు రాదూ, నీకన్నా ముందే వచ్చి కూర్చుంటుంది" అన్నారు మేష్టారు, కలానికి మూత పెడుతూ. "నేను మాత్రం ఒక నంబరుకి ఒక్క హాజరే వేస్తానమ్మా."