తోకచుక్క కొంగుముడులు

ఒకప్పుడు తోకచుక్కకు తోక లేదు. ఆ పేరూ లేదు. మంచూ దుమ్మూ కలిసిన చిన్న ముద్ద కాబట్టి అందరూ మంచుపిల్ల అనేవారు.

ఆ రోజుల్లో ఆకాశంలో సూర్యుడు బడి నడిపేవాడు. ఎవరు ఏ దారిన తిరగాలో నేర్పడమే అక్కడి చదువు. పిల్లలు ఆయన్ను సూర్యం మాస్టారు అనేవారు. బుధుడిది ముందు వరస. శని వెనకాల తన వలయాలు సర్దుకుంటూ కూర్చునేవాడు.

గ్రహాలకు గుండ్రటి దారులు వచ్చాయి. మాస్టారి చుట్టూ తిరిగితే చాలు. మంచుపిల్లకు మాత్రం పొడుగు దారి వచ్చింది. చీకట్లోకి చాలా దూరం పోయి, మలుపు తిరిగి రావాలి.

"దారి మరిచిపోతే?" అంది మంచుపిల్ల.

"అక్కడే ఉండిపోతావు" అన్నాడు కుజుడు. "నీ హాజరు నేను పలుకుతాలే."

ఆ మాట గుచ్చుకుంది. మరిచిపోకుండా పెద్దవాళ్ళు వేసుకున్నట్టే తన తెల్ల ఓణీ కొంగుకు, మాస్టారు చెప్పిన ఒక్కో దారి గుర్తుకూ ఒక్కో ముడి వేసుకుంది. కొంగు నడుముకు దోపుకుని బయలుదేరింది.

మలుపు దగ్గర ఒకటే చలి. పలకరించేవాళ్ళు లేరు. కొంగు తీసి చూసుకుంది. ముడులన్నీ పదిలంగానే ఉన్నాయి. ఏ ముడి దేనికి వేసిందో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఒక ముడి తడిమింది. ఇంకోటి తడిమింది. నాలుక చివరికి వచ్చిన మాట వెనక్కి పోతోంది. భయంతో తల తిప్పింది. ఎక్కడో ఆవగింజంత వెలుగు.

"మాస్టారు" అనుకుంది. అదొక్కటే మిగిలింది. దాన్నే చూస్తూ వచ్చేసింది.

దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు కరగసాగింది. "మాస్టారూ, పాఠమంతా పోయింది" అని తల దించుకుంది.

"మరి ఎలా వచ్చావు?"

"మీరు కనబడ్డారండి."

మాస్టారు ఆమె కొంగు వైపు చూశాడు.

"అయితే ఆ ముడులు విప్పెయ్యమ్మా. ఇక్కడ ఎక్కువసేపు ఉంటే కరిగిపోతావు. వెళ్ళేటప్పుడు మాత్రం చీకటి వైపు తిరగకు. గుళ్ళోంచి వచ్చేవాళ్ళు దేవుణ్ణి చూస్తూ వెనక్కి నడుస్తారే, అలా నడు. నేను కనబడినంతసేపూ నువ్వు దారి తప్పనట్టే."

"ఎప్పుడైనా మిమ్మల్నే మరిచిపోతే?"

"నేను చూస్తూనే ఉంటాను కదా."

మంచుపిల్ల ముడులు విప్పింది. మాస్టారి వెచ్చని ఊపిరికి తెల్ల కొంగు ఆకాశమంతా పరుచుకుంది.

"దీనికి తోక వచ్చిందిరోయ్" అన్నాడు కుజుడు.

"తోక కాదురా, కొంగు" అన్నాడు శని. ఎవరూ వినలేదు. తోకచుక్క అనే పేరే స్థిరపడింది.

ఆమె మాస్టారినే చూస్తూ వెనక్కి నడిచింది. "నా హాజరు నేనే పలుకుతాను" అంది కుజుడితో.

అప్పటినుంచే తోకచుక్క దూరాన ఉన్నప్పుడు చలికి కొంగు ఒళ్ళంతా కప్పుకుని, హాజరు పలకడానికి వచ్చినప్పుడే విప్పుతుంది. వచ్చేటప్పుడు కొంగు వెనక ఉంటుంది, పోయేటప్పుడు ముందు ఉంటుంది. ముఖం మాత్రం ఎప్పుడూ సూర్యుడి వైపే.