జేబులో గొర్రెపిల్ల

అనగనగా ఒక ఊరుందటమ్మా. ఆ ఊళ్ళో, చర్చి గంట కొడితే గిన్నెలు గల్లుమనేంత దగ్గరి ఇంట్లో, తబితమ్మ అని ఒక అమ్మమ్మ ఉండేది. కథలంటే చెవి కోసుకునేది.

ఆ పిచ్చి అంటించింది వాళ్ళ నాన్న నతానియేలు గారే. ఆయన సండే స్కూల్లో పిల్లలకు బైబిలు కథలు చెప్పేవారు. ఒక చెక్కకు నూగున్న గుడ్డ బిగించి, దానిమీద కాగితం బొమ్మలు నిలబెట్టేవారు. బొమ్మ వెనక పాత దుప్పటి ముక్క అన్నం మెతుకులతో అతికిస్తే, గుడ్డను గుడ్డ పట్టుకుని బొమ్మ నిలబడేది. సింహం, తాటిచెట్టంత గొల్యాతు, కాపరి, గొర్రెలు, అన్నీ ఉండేవి.

తప్పిపోయిన గొర్రెపిల్ల కథకు మాత్రం, ఆ పిల్లను ముందే చొక్కా జేబులో దాచేసేవారు. కాపరి కొండలూ ముళ్ళూ దాటి వెతుకుతుంటే పిల్లలందరూ ఆ జేబు వంకే చూసేవాళ్ళు. ఎన్నిసార్లు విన్నా, దొరుకుతుందో లేదో అని చిన్నారి తబితమ్మ గుండె దడదడలాడేది, చివరికి ఆ పిల్ల జేబులోంచి బయటికొచ్చి కాపరి భుజమెక్కేదాకా. ఎంత మంచి రోజులో అవి.

ఆ తర్వాత తబితమ్మ పెద్దదై, అమ్మమ్మ అయింది. వేసవి సెలవులకు కూతురితో పాటు మనవరాలు కెజియా వచ్చింది, ఇటుకంత లావు తెలుగు పుస్తకాలు రెండు పట్టుకుని. అట్టమీద రెక్కల డ్రాగన్. ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళు అలాంటివి ఇంట్లో ఉండకూడదన్నారు. చదవకుండా తిట్టడం తబితమ్మకు చేతకాదు. కళ్ళజోడు పెట్టుకుని ఆశగా కూర్చుంది.

మొదటి పుస్తకంలో మంత్రాల అడవి ఆమెకు భలే నచ్చింది. తీరా చివరికి, కర్ర ఉన్నవాడిదే బర్రె అన్నట్టు, పెద్ద మంత్రదండం దొరికినవాడు గెలిచాడు, అంతే. రెండో పుస్తకంలో రాజులు ఒకరినొకరు నరుక్కున్నారు. తప్పయిందన్నవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు కెజియా టీవీలో సినిమా పెట్టింది. అందులో వీరుణ్ణి మోసుకొచ్చిన డ్రాగన్ బాణం తగిలి సముద్రంలో పడిపోయింది. వీరుడు ఇంకో డ్రాగన్ ఎక్కి వెళ్ళిపోయాడు. వెనక్కొస్తాడులే అని తబితమ్మ చూసింది, చూసింది. తెరమీద పేర్లు పడ్డాయి.

ఇంత పెద్ద కథలో వెతికేవాడు ఒక్కడూ లేడే అని ఆమెకు ఏడుపొచ్చింది. ఆ మాటే పైకి అనేసింది. రోజూ అమ్మమ్మ పక్కలో పడుకుని గొర్రెపిల్ల కథ వినే కెజియాకు కోపమొచ్చింది.

"నీ గొర్రెపిల్ల కథ చిన్నపిల్లలకి, అమ్మమ్మా," అని దిండు తీసుకుని వాళ్ళమ్మ పక్కకి పోయి పడుకుంది.

తబితమ్మ మంచం బోసిపోయింది. ఈ పిల్ల ఇక తన పక్కకు రాకపోతే, నాన్న కథ తనతోనే ఆగిపోతుందని దిగులు పట్టుకుంది. తెల్లారాక అటకమీంచి ఆ చెక్క దింపి, దుమ్ము దులిపి, బొమ్మలు నిలబెట్టి వసారాలో పెట్టింది. పిలవలేదు.

కెజియా తనే వచ్చింది. పాత పేపర్లోంచి ఆ సినిమా డ్రాగన్‌ను కత్తిరించి తెచ్చి గుడ్డమీద పెట్టింది. జారిపడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. మూడోసారి అరచేత్తో నొక్కిపెట్టినా కిందికే వచ్చింది. పిల్ల మొహం చిన్నబోయింది.

పీడ పోయిందిలే అనుకోవచ్చు తబితమ్మ. కానీ ఆ మొహం చూసి ఉండలేకపోయింది. నాన్న దుప్పటిలో మిగిలిన ఆఖరి ముక్క తీసి, మెతుకులు మెదిపి, డ్రాగన్ వీపుకు అతికించింది. ఎండాక అది కాపరి పక్కన చక్కగా నిలబడింది.

పడుకునే వేళకు కెజియా దిండు పట్టుకుని తిరిగొచ్చింది. చెక్కను తనే మోసుకొచ్చి మంచానికి ఆనించింది. తీరా చూస్తే దానిమీద డ్రాగన్ లేదు. తబితమ్మ దిండు కింద చూసింది, దుప్పటి దులిపింది, మంచం కిందికి వంగింది. కెజియా గౌను జేబుకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"సముద్రంలో పడిపోయింది అమ్మమ్మా. కాపరిని పంపించు," అంది.

అప్పుడు తబితమ్మ కళ్ళు తుడుచుకుని, కాపరిని చేతిలోకి తీసుకుంది.

కథేమో కంచికి, గొర్రెపిల్ల మందకి, డ్రాగనేమో ఒడ్డుకి, నువ్వూ నేనూ నిద్రకి.