ఏడు రాళ్ల దూరం

క్రోధి నామ సంవత్సరం, శరత్కాలం. గండ్లకోట అనే రాజ్యాన్ని కుంజరభూపతి ఏలుతున్నాడు. ఆయనకి అందరి మీదా అనుమానమే. మంచినీళ్లు తెచ్చినవాడి మొహం చూశాకే నీళ్లు తాగేవాడు. ఆంతరంగికంగా వచ్చిన ఉత్తరాల్లోని సంగతులు మర్నాటికి శత్రువుకి తెలిసిపోతుంటే అనుమానం రాక ఏమవుతుంది?

ఆ ఊళ్లో ఓదెన్న అనే చిత్రకారుడు పదకొండు మంది పిల్లలకి కొత్త పద్ధతిలో బొమ్మలు నేర్పేవాడు. పలక మీద ఒకచోట మేకు కొట్టి, దానికి దారాలు కట్టి, ఆ దారాల వెంట గీతలు గీయించేవాడు. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా వచ్చేవి. పిల్లలు సభామండపం గుమ్మంలో కూర్చుని కొలువు గీశారు.

మహామంత్రి చండపాలుడు ఓదెన్ననీ పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చి, ఆ బొమ్మలు రాజు ముందు పరిచాడు.

"చూడండి ప్రభూ. ద్వారపాలకుడు తాటిచెట్టంత, తమరు బొటనవేలంత. పాత బొమ్మల్లో తమరే కదా అందరికంటే పెద్ద? ఇది రాజద్రోహం. వీడి కుడిచెయ్యి తీయించాలి."

"ఎవరు చెప్పారోయ్ నీకు, నన్ను కుదించమని?" అన్నాడు రాజు ఓదెన్నతో.

"ప్రభువులు ఒక్కసారి గుమ్మం దాకా వచ్చి, బొటనవేలు చాపి సింహాసనం వైపు చూడండి."

రాజు వెళ్లి చూశాడు. సింహాసనం మొత్తం వేలి వెనక దాక్కుంది. కన్ను మార్చి చూశాడు. అంతే.

"నా కంట్లో ఏమైనా మందు వేశావా?"

"లేదు ప్రభూ. ఈ బొమ్మలో చిన్నాపెద్దా మర్యాదని బట్టి రావు, దూరాన్ని బట్టి వస్తాయి. నేలమీద పరిచిన రాళ్లు లెక్కపెడితే ఎవరు ఎక్కడున్నదీ చెప్పొచ్చు." ఓదెన్న మంత్రి వైపు తిరిగాడు. "మంత్రిగారూ, కొలువులో తమరు ఎక్కడ నిలబడతారు?"

"సింహాసనం వెనక, ఏడు రాళ్ల అవతల. అది ఆచారం."

"మరి ఏడు రాళ్ల అవతల ఉన్న మనిషి ప్రభువుల వారంత పొడుగు ఎలా వచ్చారు?"

రాజు బొమ్మ మీదికి వంగాడు. మంత్రి పాదాలు సింహాసనం వెనక మొదటి రాయి మీదే ఉన్నాయి. మెడ రాజు భుజం మీదుగా ముందుకి సాగి ఉంది. పదకొండు బొమ్మల్లోనూ అంతే.

ఆ కొలువులో రాజు వెనక్కి తిరిగి చూడడం అమర్యాద. సభికులు తల ఎత్తడం అపచారం. ఇక చూసేదెవరు?

"పిల్లలకి ఏం తెలుసు ప్రభూ," అన్నాడు మంత్రి.

పిల్లల్లో దివిటీలవాడి కూతురు మల్లవ్వ ఊరుకోలేదు. "మా అయ్యవారు కనబడిందే గీయమన్నారు. రాజుగారు ఉత్తరం విప్పితే మీరు వంగి చదువుతున్నారు. నేను చూశా."

రాజు పగలబడి నవ్వాడు. మంత్రిని చెరసాలకి పంపి, తన చేతి కడియం తీసి ఓదెన్నకి తొడిగాడు. బడిని సభామండపంలోకే మార్పించాడు. రోజూ ఎవరెక్కడ నిలబడ్డారో పిల్లలు గీసి ఇవ్వాలని ఆజ్ఞ.

అప్పటినుంచి పిల్లల్ని చూస్తే పెద్దలు మాట ఆపేసేవారు. ఇరుగుపొరుగు ఆ తల్లిదండ్రుల గడప తొక్కడం మానేశారు. మాఘమాసం వచ్చేసరికి తొమ్మిది మంది బడి మానేశారు. మిగిలిన ఇద్దరూ కొలువు తప్ప మరో బొమ్మ నేర్చుకోలేదు.