పోలయ్య పప్పులో ఉప్పెంత?

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు లెండి, రణధవళుడని ఒక రాజుండేవాడు. చెడ్డవాడు కాడు. కానీ తనకు తెలియనిది లేదనుకునేవాడు. అసలు చిక్కంతా అక్కడే వస్తుంది.

ఒకనాడు నిండు సభలో ఆయన మీసం సవరించుకుని, "బుద్ధి లేని మనిషి లేడు. బద్ధకం దాన్ని నిద్రపుచ్చుతుంది, అంతే. దాన్ని తట్టిలేపేది ఒక్కటే, ప్రాణభయం!" అన్నాడు. సభంతా "ఆహా!" అంది. అనక చస్తుందా?

మర్నాడే చాటింపు వేయించాడు. కోటలో పనిచేసే ప్రతి ఒక్కరికీ పరీక్ష. పరీక్షకొచ్చినవాడు రాతిపలక మీద కూర్చోవాలి. వెనక భైరవం అనే పట్టపుటేనుగు నిలబడుతుంది. ఎదురుగా నీళ్ళ గంగాళంలో, అడుగున చిల్లున్న రాగిగిన్నె తేలుతుంటుంది. గడియలు లెక్కపెట్టే గిన్నే అది. మెల్లగా నీళ్ళు నిండి అది మునిగేలోగా రాజుగారి ప్రశ్నకి జవాబు చెప్పాలి. మునిగిందా, గంట కొడతారు. గంట మోగిందా, ఏనుగు కాలెత్తుతుంది.

"మధ్యలో ఎవరు ఆపమన్నా ఆపొద్దు. నేను చెప్పినా సరే! ఆపావో, నీ తల ఉండదు," అని మావటి కేతన్నకి రాజుగారి ఆజ్ఞ.

ఆ ఆస్థానంలో అక్కిదాసు అనే చమత్కారి ఉన్నాడు. ఎంతటివాణ్ణయినా ఒక్క మాటతో నవ్వించగలడు. ఆ రోజు మాత్రం అతని నాలుక పిడచకట్టుకుపోయింది. ఎందుకంటే పరీక్షకి మొదటి పేరు వంటవాడు పోలయ్యది. పోలయ్య అక్కిదాసుకి స్వయానా బావమరిది. పొద్దున్నే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని రండి. లేదా మీరూ రాకండి," అని భోరుమంది.

పోలయ్యని పలక మీద కూర్చోబెట్టారు.

"ఇరవై ఏళ్ళుగా నాకు వండిపెడుతున్నావు. వందమందికి వండే పప్పులో ఉప్పెన్ని గిద్దెలు వేస్తావు?" అన్నాడు రాజు.

ఇరవై ఏళ్ళుగా పోలయ్య చెయ్యి ఉప్పుకుండలోకి వెళ్ళి వస్తోందే గానీ, కొలిచిందెన్నడు? అయినా మామూలప్పుడైతే ఏదో ఒకటి చెప్పేవాడే. ఇప్పుడు ఏనుగు ఊపిరి వెచ్చగా మెడకి తగులుతోంది. నోరు తెరిచాడు. మాట రాలేదు. గిన్నె సగానికి దిగింది.

"చూశారా! లేపుదామన్నా వీడికి బుద్ధే లేదు," అన్నాడు రాజు.

అక్కిదాసు గిన్నె వైపు చూశాడు. పరుగెత్తుకెళ్ళి గిన్నె తీసేస్తే? రాజు మళ్ళీ పెట్టిస్తాడు. పైగా పోలయ్య పక్కన తననీ కూర్చోబెడతాడు. ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఒక్క మనవి! మన రాజ్యంలో కొత్త బావి తవ్వితే మొదటి దోసిలి రాజుగారిదే. కొత్త బాట వేస్తే మొదటి అడుగు రాజుగారిదే. మీ తాతగారి నాటి నుంచీ వస్తున్న ఆచారం. మరి కొత్త పరీక్షలో మొదటి కూర్చోవడం వంటవాడిదా? రేపు లోకం ఏమనుకుంటుంది?"

రాజు అటూ ఇటూ చూశాడు. ఆచారం ఆచారమే. పైగా తనకి తెలియని జవాబేముంటుంది?

"లే పోలయ్యా, అవతల నిలబడు. అక్కిదాసూ, ప్రశ్న నువ్వే అడుగు. కష్టమైనదే అడగాలి సుమా!" అంటూ దర్జాగా పలక మీద కూర్చున్నాడు.

గిన్నెలో నీళ్ళు పారబోసి మళ్ళీ తేలవేశారు. పోలయ్య వెళ్ళి గంగాళం పక్కన నిలబడ్డాడు.

"మీ తలపాగా రోజూ మీరే చుట్టుకుంటారు కదా ప్రభూ. ఎన్ని చుట్లు? మొదటి చుట్టు ఏ చెవి మీదుగా?"

రాజు పకపకా నవ్వాడు. "ఇంతేనా? పదకొండు... ఉండు, తొమ్మిది. కుడిచెవి... కాదు, ఎడమ..."

వెనక భైరవం బరువుగా నిట్టూర్చింది. రాజు నవ్వు ఆగిపోయింది.

"పోనీ చుట్టి చూపించండి ప్రభూ."

రాజు తలపాగా విప్పి మళ్ళీ చుట్టబోయాడు. గుడ్డ కళ్ళ మీదికి జారింది, ముక్కుకి చుట్టుకుంది, ఎటు లాగినా ఇంకా బిగుసుకుంది. ఆ చీకట్లో ఆయనకి గిన్నెలోకి నీళ్ళు ఎక్కుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

"కేతన్నా! ఏనుగుని తప్పించు!"

కేతన్న వెర్రిచూపులు చూశాడు. "ఆపితే తల తీస్తానన్నారు ప్రభూ... మీరు చెప్పినా ఆపొద్దన్నారు..." అంటూ అదే మాట పాఠంలా వల్లించాడు తప్ప, ఆజ్ఞ ఇచ్చిన రాజే దాన్ని రద్దూ చెయ్యగలడని వాడి బుర్రకి తట్టలేదు.

అక్కిదాసు ముందే ఉపాయం వేసుకున్నాడు. ఆఖరి క్షణంలో ఏదో చెయ్యాలి. ఏమిటది? రాజు పోతే తన వంశం మిగలదు. ఆ భయంతో బుర్ర ఖాళీ అయిపోయింది. ఏదో చాలా తేలికైన పని. ఏమిటి దేవుడా అది? గిన్నె అంచు నీటికి సమానమైంది. గంటవాడు సుత్తి ఎత్తాడు.

పోలయ్య చెయ్యి చాచి గిన్నెని పైకి తీసేశాడు.

సుత్తి గాల్లోనే ఆగింది.

"ఎ... ఎందుకు తీశావురా?" అన్నాడు రాజు గుడ్డ సందులోంచి చూస్తూ.

"మునిగితే గంట కొడతారు కదా ప్రభూ! పాలు పొంగుతుంటే దించెయ్యమా?" అన్నాడు పోలయ్య, అదేదో రోజూ చేసే పనే అయినట్టు.

రాజు పలక మీంచి ఒక్క దూకు దూకి పది బారల దూరం వెళ్ళాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అప్రయత్నంగా చేతులు పైకి లేచాయి, ముఖాన చిక్కుకున్న గుడ్డ విడిపోయింది, తలపాగా చకచకా చుట్టుకుంది. ఏడు చుట్లు. మొదటిది కుడిచెవి మీదుగా.

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. పోలయ్యని చూశాడు. ముందు పెదవి మూల చిన్నగా మొదలైన నవ్వు కడుపు పట్టుకునేదాకా వచ్చింది.

"పలక మీద వాడున్నంతసేపూ వాడు మొద్దు, నేను మేధావి. చోట్లు మారేసరికి తెలివీ మారిపోయిందిరా! ఈ పరీక్ష ఇవాళ్టితో సరి. పోలయ్యా, నీ ఇష్టమొచ్చినంత ఉప్పు వేసుకో. అక్కిదాసూ, నన్ను అక్కడ కూర్చోబెట్టిన పొగరుకి నీ తల తియ్యాలి. కానీ బుద్ధి చెప్పినందుకు బహుమతి ఇస్తాను. అడుగు, ఏం కావాలి?"

అక్కిదాసు పళ్ళు ఇంకా టకటకలాడుతూనే ఉన్నాయి.

"ముందు ఆ ఏనుగుని తీసుకెళ్ళమనండి ప్రభూ," అన్నాడు. "ఏం కావాలో ఆలోచించుకోవాలి."